గొడుగు బొమ్మ సాక్ష్యం

అత్త పోయిన కబురు నాకు మా అమ్మాయి చదివి వినిపించింది. ఆదివారం పొద్దున్న దోసెలు పోస్తుంటే ఫోను టింగుమంది. చర్చి సంఘం గ్రూపులో ఏదో వచ్చింది, చూడవే అన్నాను. ఈ కలకత్తాలోనే పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవమంటే బియ్యంలో రాళ్లేరినట్టు అక్షరాలు ఏరుతుంది. "ప్ర... భువు... నందు... ని... ద్రించారు. అమ్మా, వాట్‌గంజ్ మామ్మ నిద్రపోయిందంట. అది గ్రూపులో పెట్టడమేంటి?" అంది. అట్లకాడ నా చేతిలోనే ఉండిపోయింది. పెనం మీద దోసె మాడి ఇల్లంతా పొగ కమ్మింది.

ప్రభువునందు నిద్రించడం అంటే మా క్రైస్తవ కుటుంబాల్లో చావుకి వాడే మర్యాద మాట. ఎవరికైనా చెల్లుతుందేమో గానీ మా అత్తకి చెల్లదు. ఆవిడ నిద్రపోయే రకం కాదు. ఎవర్నీ నిద్రపోనిచ్చే రకం అసలే కాదు.

ఆవిడ మా నాన్నకి అక్క. మామయ్య ఓడ మీద ఖలాసీ. పెళ్లయిన కొత్తల్లో ఓడెక్కి వెళ్లినవాడు మళ్లీ రాలేదు, ఉన్నాడో పోయాడో కూడా తెలియలేదు. అప్పట్నించీ వాట్‌గంజ్‌లో రెండో అంతస్తు ఒంటి గదిలో అత్త ఒక్కతే. మా తెలుగు చర్చిలో సండే స్కూలు చెప్పేది. మా తరం పిల్లలందరికీ వాక్యాలు నేర్పింది ఆవిడే, చెవులు మెలిపెట్టిందీ ఆవిడే. పిల్లల్లేని మనిషికి ఆ క్లాసే ప్రాణం.

సమాధి దగ్గర నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రార్థనాపరురాలు, పరోపకారి అన్నాను. నిజాలే. కానీ అసలు సంగతి మింగేశాను. ఏడిపించే సినిమాలు చెప్పడంలో మా అత్తని మించిన మనిషి ఈ కలకత్తాలో లేదు. అదీ ప్రేమ గోల లేని ఏడుపు సినిమాలు. మా సంఘంలో సినిమా పాపం. చర్చి ఆవరణలో అనలేని మాట కనక, ఇక్కడ మీతో అంటున్నాను.

అత్తకి సినిమా పేర్లు గుర్తుండేవి కావు. మా ఉత్తరాంధ్ర వాళ్లకి సినిమా అంటే బొమ్మ. ఏ వస్తువు దగ్గర ఏడుపొచ్చిందో ఆ వస్తువు పేరే ఆ బొమ్మకి పేరు. మతి తప్పిన ముసలమ్మ గుమ్మంలోకొచ్చిన ప్రతివాణ్ణీ కొడుకనుకుని పెరుగన్నం పెట్టి, అసలు కొడుకు వచ్చిన రోజున ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడుతుంది. అది పెరుగు బొమ్మ. ఇల్లు పంచుకున్న అన్నదమ్ములకి మధ్యలో ఒక్క కుళాయి మిగులుతుంది. అది కుళాయి బొమ్మ. ఆవిడ పైనుంచి "ఓలె, బొమ్మ ఎడతన్నాను, వొచ్చీండి!" అని కేకేస్తే కింది వాటాలో ఉండే బెంగాలీ వదిన, వాళ్ల మాటలో బౌది, గుండె పట్టుకునేది. వాళ్ల భాషలో బొమా అంటే బాంబు. "దీదీ, ఎన్నికల ముందు ఆ మాట అరవకు, నీకు దండం పెడతాను" అని మొత్తుకునేది. ఆ బౌదే అత్తకి సీడీలు తెచ్చిచ్చేది కూడా.

ఎవరైనా వచ్చి మనసు బాగోలేదు, మంచి ఏడుపు బొమ్మ ఒకటి చెప్పు అంటే వెంటనే చెప్పేది కాదు. ముందు ఒక ప్రశ్న వేసేది. "ఎవులి కోసం ఏడవాల?" అమ్మ కోసమా, అన్నదమ్ముల కోసమా, చెయ్యిజారిపోయిన పని కోసమా, అది తేలాకే మందు. మెటియాబ్రుజ్‌లో ఆవిడ జాకెట్లు కుట్టే మాస్టారికి కూతురు అత్తారింటికి పోయిన బెంగ. ఆయనకి సూది బొమ్మ చెప్పింది. చూపు మందగిస్తున్న తండ్రి, కూతురి కోసం ఆఖరి గౌను కుట్టే బొమ్మ. వారం తర్వాత ఆయన వచ్చి, "దీదీ, రెండ్రోజులు సూదిలో దారం ఎక్కించలేకపోయాను" అన్నాడట. "మరేటి, మందు పని సేసినాది" అంది అత్త, ఆ బొమ్మ తనే తీసినట్టు.

ప్రేమ సినిమాలంటే మాత్రం మండిపడేది. "ప్రేమ బొమ్మకి ఏడిస్తే ఆళ్ల కోసం ఏడుస్తాం. ఇలాటి బొమ్మకి ఏడిస్తే మన కోసం ఏడుస్తాం. ఆళ్ల కోసం ఏడవడానికి ఆళ్ల అమ్మాబాబూ ఉన్నారు, మనమెందుకే?" అనేది. మీరూ ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఫోన్లలో వెయ్యి సినిమాలు, ఏది చూడాలో తెలియక గంటసేపు వేలితో తోస్తూ కూర్చుంటాం. ఎవరి కోసం ఏడవాలో తెలిస్తే ఏ బొమ్మ చూడాలో తెలిసినట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను పదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. రేవులో క్రేను మీద పని. పనిలో ఉండగానే గుండె ఆగిపోయింది. ఇంటికి తెచ్చారు, పడుకోబెట్టారు, పాటలు పాడారు, తీసుకెళ్లారు. అమ్మ ఏడవలేదు. మర్నాడూ ఏడవలేదు. వండింది, ఉతికింది, నాన్న చొక్కాలు ఆరేసి మడతపెట్టింది. అడిగితే ఔను, కాదు. అంతే మాట.

మా చర్చిలో అది గొప్పయిపోయింది. సంఘపెద్ద ఒకాయన ఉండేవారు, రైల్వేలో చేసి రిటైరయిన మనిషి. నీతికి నిప్పు, మనసు మాత్రం వెన్న. ఆయన ఆదివారం లేచి, "ఈ సహోదరి నిబ్బరం చూడండి. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. మనకి మాదిరి" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. అత్త ఒక్కతే నా చెవిలో పళ్లు నూరింది. "మాదిరేటి, బూడిదా! మనిసి ఎండిపోయినాది. ఇలాగుంటే దక్కదే మీ యమ్మ."

దక్కదన్న మాట నాకు ఎప్పుడు బోధపడిందంటే, సైరను మోగినప్పుడు. రోజూ మధ్యాహ్నం డ్యూటీ దిగే సైరను మోగగానే అమ్మ చేతిలో పని వదిలేసి రేవు గేటు దగ్గరికి వెళ్లి నిలబడేది. జనం వచ్చేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. ఆఖరి మనిషి వెళ్లేదాకా చూసి తిరిగొచ్చేది. ఆ రోడ్డు నిండా కంటైనర్ లారీలు. అటూ ఇటూ చూడకుండా దాటేది. నేను వెనకే పరిగెత్తి కొంగు పట్టుకునేదాన్ని. ఒక రోజు కొంగు చేతికి అందలేదు. లారీ బ్రేకు కీచుమని, బండి ముక్కు అమ్మ భుజానికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు తిట్టని తిట్టు లేదు. అమ్మ తిరిగి కూడా చూడలేదు, నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్లిపోయింది. నేను డ్రైవరుకి దండం పెట్టి మళ్లీ వెనకే పరిగెత్తాను.

ఆ సాయంత్రమే అత్త అమ్మ ముందు కూర్చుంది. "ఓలె, ఒక బొమ్మ సూపిస్తాను, రా. మా యింటాయన ఓడెక్కి పోయినాక నాను ఏడిసింది ఆ బొమ్మకాడే. అప్పటిదాకా నానూ నీనాగే ఉన్నాను."

"బొమ్మా?" అంది అమ్మ. "నన్ను మాదిరన్నారు గదా వొదినా. సంఘం ఏటనుకుంటాది?"

అంతే, గోడకేసి తిరిగిపోయింది. ఎంత లాగినా కదల్లేదు.

అప్పుడు అత్త ఒక పని చేసింది. అది మావాళ్లు మాత్రమే చెయ్యగల పని. బుధవారాలు ఆడవాళ్ల ప్రార్థన కూటం జరుగుతుంది, ఆ వారం మా ఇంట్లోనే. అందులో సాక్ష్యం చెప్పడం ఒక ఆచారం. ఎవరో ఒకరు లేచి తమ జీవితంలోనో, తెలిసినవాళ్ల జీవితంలోనో జరిగింది చెబుతారు. అత్త లేచి, "నాకు ఒక సాక్ష్యం ఉన్నాది" అని ఆ బొమ్మ కథ చెప్పేసింది! సుందర్‌బన్ దారిలో ఒక లాంచీల రేవు. అక్కడో చిన్న పిల్లాడు. తండ్రి లాంచీ మీద పనిచేస్తాడు. ఒక వాన సాయంత్రం లాంచీ వచ్చింది, తండ్రి రాలేదు. ఆ రోజు నుంచీ వాడు ఎండయినా వానయినా గొడుగు పట్టుకుని రేవులో నిలబడతాడు, నాన్న దిగితే తడిసిపోతాడని.

చెబుతున్నంతసేపూ అత్త కళ్లు అమ్మ మీదే. ఆడవాళ్లందరూ కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. అమ్మ ఏడవలేదు గానీ, గోడవైపున్న మొహం ఇటు తిప్పింది. అది చూసి అత్త నోట మాట ఆగిపోయింది. కథ అక్కడే తెగింది. ఆ సందులో ఒకావిడ ముక్కు చీదుకుంటూ, "ఆ బాబు పేరేటి వొదినా? ప్రార్థనలో ఎడదాం" అంది. అత్త తడబడి, "ఖోకా అంటారు" అంది. బెంగాల్లో ప్రతి ఇంటి పిల్లాడూ ఖోకానే.

ఆదివారం పాస్టరుగారు వేదిక మీంచి కళ్లు మూసుకుని, "ఖోకా అనే చిన్నబిడ్డ కోసం, తిరిగిరాని అతని తండ్రి కోసం" అని ప్రార్థించారు. సంఘమంతా గొంతెత్తి ఆమేన్ అంది. పక్కన అత్త నా మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకుపోయేలా. నాకు నవ్వు తన్నుకొస్తోంది. "నవ్వినావంటే సంపీసి పాతరెడతాను" అంది పెదాలు కదపకుండా.

అక్కడితో ఆగినా బాగుండును. కూటం అయ్యాక సంఘపెద్ద వచ్చారు. "చెల్లెమ్మా, ప్రార్థించి చేతులు దులుపుకుంటే ఎలా? ఆ బిడ్డని వెళ్లి చూడాలి. శనివారం వెళదాం."

"శానా దూరమండి."

"రైలు టైము చూశాను."

"లాంచీలు సరిగా ఉండవండి."

"కనుక్కున్నాను, ఉన్నాయి."

అత్త ఇంకో అబద్ధం వెతుక్కునేలోపు వెనకనుంచి గొంతు వినబడింది. అమ్మది. నాన్న పోయాక ఎవరూ అడక్కుండా ఆమె నోట నేను విన్న మొదటి మాట. "నానూ వొస్తాను వొదినా. ఆ గుంటడ్ని సూడాల."

మెట్ల మీద అత్త కూలబడిపోయింది. "ఇప్పుడేటి సేసేదే?" అంది నాతో. "బొమ్మ అనీసి సెప్పీస్తే మీ యమ్మ మళ్లీ గోడకేసి తిరిగిపోద్ది. ఈసారి తిరిగితే మరి రాదు. సెప్పకపోతే శనారం ఏ రేవులో ఏ గుంటడ్ని సూపించాల?" తన సండే స్కూలు సంగతి ఎత్తనే లేదు. సినిమా చూస్తుందని తెలిస్తే ఆ క్లాసు పోతుంది. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. అమ్మ మాత్రం తింది. గేటు దగ్గరికి వెళ్లి వచ్చేది, వచ్చి శనివారం ఎప్పుడని అడిగేది.

శనివారం అందరం అత్త గదిలో కలుసుకుని బయల్దేరాలని మాట. పెద్దాయన రానే వచ్చారు. చేతిలో బిస్కెట్లు, ఇంకా ఖోకా కోసమని చిన్న పసుపు రెయిన్‌కోటు. గొడుగుంటే ఒక చెయ్యి ఖాళీ ఉండదు కదమ్మా, అందుకని అన్నారు. అమ్మ పిల్లాడికి అన్నం మూట కట్టింది. అత్త ఆ రెయిన్‌కోటు కేసి చూసింది, అన్నం మూట కేసి చూసింది. వెళ్లి తలుపు గడియ వేసింది. మూలనున్న బల్ల దగ్గరికెళ్లి, పైనున్న బైబిలు రెండు చేతులా తీసి మంచం మీద పెట్టి, అల్లిక గుడ్డ లాగేసింది. కింద టీవీ, సీడీ ప్లేయరు.

"ఆ పిల్లడు ఇక్కడున్నాడు" అంది.

పెద్దాయన మొహం ఎర్రబడిపోయింది. "చెల్లెమ్మా, ఇది సినిమా."

"ఔనండి."

"సంఘమంతా ప్రార్థించింది!"

"ఔనండి."

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "వొదినా," అంది మెల్లగా, "గుంటడు నేడా?"

అమ్మ మొహం మళ్లీ మూసుకుపోవడం నా కళ్లెదుటే కనబడుతోంది. అత్త టీవీ ముందుకి వంగింది. "ఉన్నాడు. నువ్వే సూడు" అని మీట నొక్కింది.

పెద్దాయన గడియ తియ్యబోయారు. అమ్మ ఆయనకేసి చూసి, "కూకోండయ్యా, గుంటడొస్తాడంట" అంది. ఆ మాట దాటి వెళ్లడం ఆయన వల్ల కాలేదు. అలాగని చూడలేరు. కుర్చీ తలుపు వైపు తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి కూర్చున్నారు, ఒళ్లో రెయిన్‌కోటుతో.

బొమ్మ నడిచింది. పిల్లాడొచ్చాడు, గొడుగు పట్టాడు, నిలబడ్డాడు. అమ్మ మంచం అంచున కదలకుండా కూర్చుంది. అత్త బొమ్మ చూడనేలేదు, అమ్మనే చూస్తోంది. చివర్లో చీకటి పడుతుంది, రేవు ఖాళీ అవుతుంది. టికెట్లిచ్చే ముసలాయన కొట్టు మూసి, పిల్లాడి దగ్గరికొచ్చి చెయ్యి చాపుతాడు. "ఆజ్ ఆర్ లొంచ్ నేయ్, బాబా. బాడి చొలో." ఇవాళ్టికి ఇంక లాంచీలు లేవు నాయనా, ఇంటికి పద.

అమ్మ నోరు తెరిచింది. "నాకెవులూ సెప్పనేదు వొదినా" అంది. "ఇంటికెల్లిపోమని ఒక్కలూ సెప్పనేదు నాకు." అని అత్త ఒళ్లో పడి ఏడ్చింది. అది ఏడుపు కాదు, కడుపులోంచి ఊడిపడిన కేక. కింద బౌది పరిగెత్తుకొచ్చి తలుపు బాదింది. మధ్యలో రేవు సైరను మోగింది. నేను అమ్మ కొంగు పట్టుకోబోయాను. అక్కర్లేకపోయింది. అమ్మ లేవలేదు.

పెద్దాయన భుజాలు తలుపు వైపే ఉన్నాయి. కండువా మొహం మీదికెళ్లడం మాత్రం చూశాను. కాసేపటికి లేచి, రెయిన్‌కోటు కుర్చీలో వదిలేసి, గడియ తీసి, బౌదిని తప్పుకుని మెట్లు దిగిపోయారు.

మర్నాడు ఆయన చెబుతారా చెప్పరా అని నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. అత్త ఆ అవకాశం ఆయనకివ్వలేదు. తనే లేచింది. "నాను సెప్పింది సాక్ష్యం కాదు, బొమ్మ. మీ సేత అబద్ధం ప్రార్థన సేయించినాను. అబద్ధానికి క్షమించండి. బొమ్మకి మాత్రం అడగను" అంది. పాస్టరుగారు పెద్దాయన్ని, మీకు తెలుసా అని అడిగారు. ఆయన లేచి నిలబడి, "ఆ గదిలోనే ఉన్నాను. కానీ చూడలేదు" అన్నారు.

క్లాసు పోయింది. ఇంకెప్పుడూ తిరిగి ఇవ్వలేదు. అత్త తరఫున ఒక్క మాట అనలేదని నేను పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే అత్త నా నోరు మూసింది. "ఆయన అబద్ధమాడనేదు గదే. సూడనేదు. ఇన్నాడు, అంతే." పెద్దాయన మళ్లీ అత్త గడప తొక్కలేదు. చర్చిలో ఎదురుపడితే ఇద్దరూ వందనాలు చెప్పుకునేవాళ్లు, తప్పుకునేవాళ్లు. ఆదివారం పిల్లల పాట వినబడితే మాత్రం అత్త వెనక బెంచీలో కూర్చుని పెదాలు కదిపేది. నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. కానీ ఆ సంఘం ఆడవాళ్లే ఒక్కొక్కరూ మెట్లెక్కి వచ్చి, "వొదినా, ఇంకో సాక్ష్యం ఉన్నాదా?" అని గుసగుసగా అడిగేవాళ్లు. ఏడుపు సినిమాకి మా ఇళ్లల్లో ఈనాటికీ అదే పేరు, సాక్ష్యం.

ఆవిణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన మధ్యాహ్నం అమ్మా, నేనూ, మా అమ్మాయీ ఆ గదిలో కూర్చున్నాం. నాకు ఏడుపు రావడం లేదు. దోసె మాడినప్పుడూ రాలేదు, మట్టి వేసినప్పుడూ రాలేదు. అమ్మ నాకేసి తేరిపార చూసింది. "ఏటే, ఎండిపోయినావు" అంది. లేచి, బల్ల మీంచి బైబిలు తీసి మంచం మీద పెట్టి, అల్లిక గుడ్డ లాగింది.

సీడీ పెడుతుండగా మెట్ల మీద కర్ర చప్పుడయింది. పెద్దాయన. బాగా ముసలివారయిపోయారు, గుమ్మంలో ఆగి ఆయాసపడ్డారు. తలుపు వెనక మేకుకి ఆ పసుపు రెయిన్‌కోటు ఇంకా వేలాడుతోంది. దాన్ని వేళ్లతో తాకారు. అమ్మ కుర్చీ జరిపింది. ఆనాటిలాగే, తలుపు వైపుకి.

ఆయన కర్ర గోడకానించారు. రెండు చేతులా కుర్చీ పట్టుకుని టీవీ వైపు తిప్పుకుని కూర్చున్నారు.

పాత సీడీ, గీతలు పడిపోయింది. ఆగుతూ, తడబడుతూ చివరిదాకా లాక్కొచ్చింది. రేవు ఖాళీ అయింది, ముసలాయన కొట్టు మూసి వచ్చాడు, పిల్లాడికి చెయ్యి చాపాడు. అక్కడ బొమ్మ బిగుసుకుపోయింది. అమ్మ మీట నొక్కింది, డబ్బా మీద ఒక దెబ్బ వేసింది. కదల్లేదు. "తర్వాతేంటి?" అంది మా అమ్మాయి.

ఎప్పుడో టీవీకి వీపు పెట్టి విన్న మనిషి, ఇప్పుడు కళ్లారా చూస్తూ, మన తెలుగు యాసలో అన్నారు. "ఆజ్ ఆర్ లొంచ్ నేయ్, బాబా. బాడి చొలో."

నాకు అప్పుడొచ్చింది ఏడుపు. కళ్లు మసకేసి ఇంకేమీ కనబడలేదు. కదలని బొమ్మలో పిల్లాడి గొడుగు, దాని మీదికి చాపిన ముసలి చెయ్యి మాత్రం కనబడుతున్నాయి.